పావుగంటలో తగ్గిపోయిన పక్షవాతం: నాన్నగారికి మెడ డాప్లర్, ఎకో, హోల్టర్ ఎందుకు రాశారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 63 ఏళ్లు, చాలాకాలంగా బీపీ, షుగర్. పది రోజుల కిందట పొద్దున్నే కుడి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది, పావుగంటలో అంతా సర్దుకుంది. సీటీ తీస్తే మెదడు నార్మల్ అన్నారు. డాక్టర్‌గారు మెడ డాప్లర్ (మెడ రక్తనాళాల స్కాన్), ఎకో (గుండె స్కాన్), 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె లయను ఆగకుండా నమోదు చేసే యంత్రం) రాశారు. "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు దండగ ఖర్చు" అని నాన్నగారు వాయిదా వేస్తున్నారు. బావగారేమో ఇంటిల్లిపాదికీ 'స్ట్రోక్ ప్యాకేజీ' చేయించేద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఎకో, డాప్లర్ గదిలోనే నా ఉద్యోగం. ఆ అనుభవంతో ముందుగా ఒక్కటే చెబుతాను. నాన్నగారి పరీక్షలు రేపే చేయించండి, వీలైతే ఈ రోజే. పది రోజులు ఇప్పటికే పోయాయి. మిగతాదంతా ఆయన్ని తీసుకెళ్లాక వెయిటింగ్ హాల్లో కూర్చుని చదవొచ్చు.

ఆయనకు వచ్చినదాన్ని టీఐఏ అంటారు, మామూలు మాటల్లో మినీ స్ట్రోక్. మెదడుకు వెళ్లే రక్తనాళంలో చిన్న గడ్డ అడ్డుపడి, అదృష్టవశాత్తూ దానంతటదే కరిగిపోయింది. గడ్డ పోయింది గానీ అది పుట్టిన చోటు అలాగే ఉంది. అక్కడి నుంచి రెండో గడ్డ ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పలేం. ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదటి రెండు రోజుల్లో, ఆ తర్వాత మొదటి కొన్ని వారాల్లో. ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటివాళ్లను వెంటనే పరీక్షించి, అదే రోజు మందులు మొదలుపెట్టి చూశారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. అంతకుముందు మూడు నెలల్లో 100 మందిలో పదిమందికి మళ్లీ స్ట్రోక్ వచ్చేది. త్వరపడ్డాక అది ఇద్దరికి తగ్గింది. వాడినవి కొత్త మందులేమీ కావు. అవే మందులు, కాస్త ముందుగా.

సీటీ నార్మల్ అన్నారని ధైర్యపడకండి. టీఐఏలో సీటీ దాదాపు ఎప్పుడూ నార్మల్‌గానే ఉంటుంది. మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి దాన్ని తీస్తారు. ఆ పని అయింది. గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు.

మన భాషలో ఒక చిక్కు ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. రక్తం పారే నాళాన్నీ, కబుర్లు మోసే నాడినీ రెండింటినీ మనం 'నరం' అనే అంటాం. దాంతో ఇలాంటి లక్షణం రాగానే చాలా ఇళ్లలో 'నరాల బలహీనత' అనుకుని, బలానికని ఇంజెక్షన్లు, బీ12 బిళ్లలు, పసరు మందులతో నెల గడిపేస్తారు. నాన్నగారికి నరాలు బలహీనపడలేదు. రక్తం పారే దారిలో ఎక్కడో తేడా ఉంది. ఆ దారిని వెతకడానికే ఈ మూడు పరీక్షలు.

వెతకాల్సిన చోట్లు ప్రధానంగా మూడు. మెడలో మెదడుకు వెళ్లే పెద్ద ధమనులు, అంటే కెరోటిడ్లు. గుండె గదులు, కవాటాలు, గుండె లయ. పుర్రె లోపల ఉన్న ధమనులు. నాలుగోది బీపీ, షుగర్ వల్ల మెదడు లోతుల్లో దెబ్బతినే వెంట్రుక లాంటి సన్నని నాళాలు. వాటి జాడ మెదడు ఎమ్మారైలో మచ్చలుగా కనబడుతుంది గానీ మెడ స్కాన్‌లో కనబడదు.

మెడ డాప్లర్‌కు పరగడుపున వెళ్లక్కర్లేదు. దిండు తీసేసి పడుకోబెడతారు, తల పక్కకు తిప్పమంటారు, చల్లటి జెల్ రాసి ప్రోబ్‌తో చూస్తారు. అరగంట లోపు అయిపోతుంది. సూది లేదు, రేడియేషన్ లేదు. తెర మీద ఎరుపు, నీలం రంగులు చూసి చాలామంది "ఆ నీలం చెడ్డ రక్తమా డాక్టర్‌గారూ?" అని భయంగా అడుగుతారు. రంగు రక్తం ప్రోబ్ వైపు వస్తోందా, దాని నుంచి దూరంగా పోతోందా అన్నది మాత్రమే చెబుతుంది. మంచీ చెడూ అందులో లేవు.

అసలు కొలిచేది వేగం. పొలంలో మోటారు పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు విసురుగా చిమ్ముతాయి కదా, ధమని సన్నబడిన చోట రక్తమూ అలాగే దూసుకుపోతుంది. దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినబడుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన ఈ సూత్రంతోనే యంత్రం ఆ వేగాన్ని లెక్కగడుతుంది. రిపోర్టులో 'పీఎస్‌వీ' అని రాసేది ఆ అంకెనే. అంతర్గత కెరోటిడ్‌లో, అంటే కెరోటిడ్‌లో మెదడుకు వెళ్లే శాఖలో, అది సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగానికి పైగా మూసుకుపోయిందని, 230 దాటితే 70 శాతానికి పైనే అని అమెరికా నిపుణులు 2003లో ఒక ఒప్పందానికి వచ్చారు. చాలా ల్యాబ్‌లు ఇప్పటికీ అదే వాడతాయి. కొన్ని ల్యాబ్‌లు మాత్రం 50 శాతానికి గీతను 180కి జరిపాయి. రెండు చోట్ల చేయిస్తే రెండు శాతాలు రావడానికి ఇదొక కారణం. అందుకే శాతం ఒక్కటే అడగకండి, అంకె కూడా అడిగి రాసుకోండి.

అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదని నాకు నేర్పిన సంఘటన ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయనకు ఎడమ కెరోటిడ్‌లో వేగం 240 వచ్చింది. 70 శాతం పైన అని రాసిచ్చాను. కుడివైపు ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది, దాన్నీ రాశాను, కానీ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. ఒక వైపు మూసుకుపోతే రెండో వైపు ధమని రెండింటి బరువూ మోస్తుంది, సన్నబడకపోయినా వేగం పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు సీటీ యాంజియో (రక్తనాళాలను చూపించే సీటీ) తీస్తే అక్కడున్నది 50 శాతమే. సర్జన్ ముందుచూపుతో ఆ స్కాన్ అడిగి ఉండకపోతే ఏమయ్యేదోనన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. ధమని దారమంత సన్నబడిపోతే రక్తమే సరిగా వెళ్లదు, వేగం పడిపోయి రిపోర్టు నిక్షేపంగా కనబడే ప్రమాదం ఉంటుంది. అందుకే డాప్లర్‌లో గట్టి అడ్డు కనబడితే, కోసేముందు సీటీ యాంజియో గానీ ఎమ్మార్ యాంజియో (అదే పని ఎమ్మారైతో) గానీ తప్పకుండా తీయించాలి.

ఇప్పుడు మీ నాన్నగారికి పనికొచ్చే ముఖ్యమైన విషయం. ఆయనకు పట్టు తప్పింది కుడి చెయ్యి, దెబ్బతిన్నది మాట. అంటే ఇబ్బంది మెదడు ఎడమ సగంలో. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ముందుగా ఎడమ కెరోటిడ్ గురించి ఏం రాశారో చూడండి. ఎడమవైపు 70 శాతం అడ్డుంటే అది 'లక్షణాలు చూపించిన' అడ్డు. దాని లెక్క పూర్తిగా వేరు. 1991లో ఉత్తర అమెరికాలో జరిగిన నాసెట్ అధ్యయనంలో ఇలాంటివాళ్లకు మందులు మాత్రమే ఇస్తే రెండేళ్లలో 100 మందిలో 26 మందికి ఆ వైపు స్ట్రోక్ వచ్చింది. ధమని తెరిచి పూడిక తీసినవాళ్లలో 9 మందికే వచ్చింది. ఆ లాభం కూడా లక్షణం వచ్చిన రెండు వారాల లోపు చేస్తేనే బాగా దక్కుతుంది. మీకు మిగిలింది నాలుగు రోజులు. నేను తొందరపెడుతున్నది అందుకే.

అదే 70 శాతం కుడివైపు ఉందనుకోండి. మొన్నటి సంఘటనకు దానికి సంబంధం లేదు. లక్షణాలు చూపించని అడ్డు వల్ల వచ్చే ముప్పు చాలా తక్కువ. 1995 నాటి అధ్యయనంలో అలాంటివాళ్లకు ఐదేళ్లలో 11 శాతం, ఆపరేషన్ చేస్తే 5 శాతం. ఇప్పుడు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు, బీపీ మందులు అప్పటికంటే మెరుగుపడ్డాయి కాబట్టి ముప్పు ఇంకా తగ్గింది. "మెడలో బ్లాక్ ఉంది, వెంటనే స్టెంట్" అని ఎవరైనా అంటే, "ఏ వైపు? మాకు లక్షణం వచ్చిన వైపేనా?" అని అడగండి.

నాన్నగారిని ఇంకొకటి కూడా అడిగి చూడండి. ఎప్పుడైనా ఎడమ కంటికి కాసేపు తెర దిగినట్టు చీకటై, మళ్లీ వెలుగొచ్చిందా? మెడ ధమని నుంచి వచ్చే చిన్న ముక్కలు అదే వైపు కంటికి కూడా వెళ్తాయి. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ మెడ ధమనికీ పక్షవాతానికీ ఉన్న బంధాన్ని బయటపెట్టిన దారి కూడా ఇదే. పక్షవాతం రాకముందు ఒక కన్ను కాసేపు చీకటయ్యేదని, అదీ చచ్చుబడ్డ వైపుకు ఎదురు కన్ను అని ఒక రోగి చెప్పిన మాటను ఆయన పట్టించుకున్నాడు. మనవాళ్లు దీన్ని "కళ్లు తిరిగాయి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కాబట్టి విడమరిచి అడగాలి. ఒక్కో కన్ను మూసి చూశారా, తెర పైనుంచి దిగిందా, ఎంతసేపు ఉంది అని.

డాప్లర్ నార్మల్ వస్తే ఊపిరి పీల్చుకుని అక్కడితో ఆపేస్తారేమో, అది పొరపాటు. మెడ డాప్లర్ దవడ ఎముక కింది దాకానే చూడగలదు. మన దేశంలోనూ, మొత్తం ఆసియాలోనూ పుర్రె లోపలి ధమనుల్లో కొవ్వు పేరుకోవడం యూరప్ వాళ్లకంటే బాగా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో మరీనూ. వాటిని చూడాలంటే ఎమ్మార్ యాంజియో గానీ, సీటీ యాంజియో గానీ కావాలి. నాన్నగారి డాక్టర్ ఎమ్మారై రాయకపోతే మీరే అడగండి. కొత్తగా దెబ్బతిన్న చోటును చూపించే డిఫ్యూజన్ అనే భాగం ఉన్న మెదడు ఎమ్మారై, దాంతోపాటే మెడకూ తలకూ ఎమ్మార్ యాంజియో. లక్షణాలు పూర్తిగా తగ్గిపోయినవాళ్లలో కూడా సుమారు మూడోవంతు మందికి డిఫ్యూజన్‌లో చిన్న మచ్చ బయటపడుతుంది. ఆ మచ్చ ఎక్కడుందో చూస్తే గడ్డ ఏ దారిన వచ్చిందో కొంత తెలుస్తుంది. ఒకే ధమని పరిధిలో ఉంటే మెడ మీద అనుమానం, రెండు వైపులా చెల్లాచెదురుగా ఉంటే గుండె మీద. పది రోజులైంది కాబట్టి మచ్చ కొంత వెలిసిపోయి ఉండొచ్చు, అయినా తీయించడం మంచిదే.

ఎమ్మార్ యాంజియోకు రంగు మందు లేకపోయినా పని జరుగుతుంది, కానీ అది అడ్డును ఉన్నదానికంటే కాస్త పెద్దది చేసి చూపిస్తుంది. సీటీ యాంజియో చిత్రం స్పష్టంగా ఉంటుంది, కానీ దానికి అయోడిన్ మందు ఎక్కించాలి, రేడియేషన్ ఉంటుంది. షుగర్ మనిషి కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడుతుంటే చెప్పండి. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో పాత లోహపు ముక్క గానీ ఉంటే ఎమ్మారై గది గడప దాటకముందే చెప్పాలి.

ఇక ఎకో. రిపోర్టు రాగానే అందరినీ కంగారు పెట్టేది 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' అన్న వాక్యం. అరవై దాటి బీపీ ఉన్న చాలామందికి అది ఉంటుంది. గుండె కండరం కొంచెం బిగుసుకుందని దానర్థం. 'ట్రివియల్ ఎమ్మార్', అంటే మిట్రల్ కవాటం దగ్గర రవ్వంత లీకు, కూడా అంతే. వీటితో స్ట్రోక్ రాదు. స్ట్రోక్ కోసం ఎకోలో మేం వెతికేవి వేరు. ఎడమ పై గది పెద్దదయిందా? గతంలో హార్ట్ ఎటాక్ వచ్చి ఎడమ కింది గది మూల కదలకుండా ఉండిపోయి, అక్కడ గడ్డ కట్టిందా? కవాటాల మీద ఏదైనా వేలాడుతోందా? ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మిట్రల్ కవాటం సన్నబడిపోతోందా?

ఈ చివరిది మన దగ్గర మర్చిపోకూడదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి పట్టించుకోనివాళ్లకు రుమాటిక్ జబ్బుతో మిట్రల్ కవాటం బిగుసుకుపోతుంది. ఒకసారి ముప్పై నాలుగేళ్ల కూలి మనిషిని పక్షవాతంతో తీసుకొచ్చారు. బీపీ లేదు, షుగర్ లేదు, మెడ నాళాలు అద్దంలా ఉన్నాయి. ఎకో ప్రోబ్ పెట్టిన నిమిషంలోనే కారణం కనబడింది. చేప నోరులా సన్నగా తెరుచుకుంటున్న కవాటం, ఉబ్బిన పై గది, అందులో పొగలా సుడులు తిరుగుతున్న రక్తం. ఎనిమిదేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, రక్తం తక్కువని ఊళ్లో టానిక్కులు వాడిందట. ఆయాసం మొదలైన మొదటి ఏడాదే ఒక ఎకో చేసి ఉంటే ఆ చెయ్యి పడిపోయేది కాదు. ఇలాంటివాళ్లకు గుండె లయ తప్పితే వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి పాత తరహా మందులే వాడాలి. వీళ్లలో కొత్త రకం రివరాక్సబాన్ వాడితే మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2022లో వచ్చిన ఇన్‌విక్టస్ అధ్యయనం చూపించింది. ఎకో చూడకుండా రక్తం పలచన చేసే మందు మార్చకూడదనేది అందుకే.

ఛాతీ మీద నుంచి చేసే ఎకోకు ఒక మూల అందదు. ఎడమ పై గదికి జేబులాంటి చిన్న సంచి ఉంటుంది. కవాటాల జబ్బు లేకుండా లయ తప్పినవాళ్లలో గడ్డలు పుట్టేది దాదాపు పదింట తొమ్మిదిసార్లు ఆ జేబులోనే. దాన్ని సరిగ్గా చూడాలంటే నోట్లోంచి ఆహారనాళంలోకి గొట్టం దించి చేసే టీఈఈ కావాలి. కొన్ని గంటలు పరగడుపున ఉండాలి, కాస్త మత్తు ఇస్తారు. కోతా కుట్లూ లేకపోయినా అది తేలికైన పరీక్ష కాదు, అందరికీ అక్కర్లేదు. వయసు 60 లోపు ఉండి ఏ కారణమూ దొరకనివాళ్లకు గుండె పై గదుల మధ్య చిన్న రంధ్రం ఉందేమోనని బుడగల పరీక్షతో (సన్నని గాలిబుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి చేసే ఎకోతో) చూస్తారు. అలాంటి రంధ్రం మామూలు జనంలోనే నలుగురిలో ఒకరికి ఉంటుంది, కాబట్టి 63 ఏళ్ల మనిషిలో అది కనబడినా నేరం దాని మీదకు నెట్టలేం.

హోల్టర్‌ను మాత్రం ఈ మూడింటిలో నేను అన్నిటికంటే గట్టిగా సమర్థిస్తాను. అది బొమ్మ తీయదు కాబట్టి ఇళ్లలో దాన్ని లెక్కచేయరు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు స్ట్రోక్ ముప్పును ఐదు రెట్లు చేస్తుంది. అది ఎప్పుడూ ఉండదు, వచ్చి పోతుంటుంది. ఈసీజీ తీసే పది సెకన్లలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. మా దగ్గరికొచ్చిన ఒక రైతుకు డాప్లర్ నార్మల్, ఎకోలో పై గది కొంచెం పెద్దది, 24 గంటల హోల్టర్ నార్మల్. ఆస్పిరిన్ మీద పంపించారు. నాలుగు నెలలకు పూర్తి పక్షవాతంతో వచ్చాడు. అప్పుడు వారం రోజుల రికార్డింగ్ పెడితే ఐదో రాత్రి రెండు గంటల సేపు లయ తప్పింది. 2014లో కెనడాలో చేసిన అధ్యయనంలో కారణం దొరకని స్ట్రోక్, టీఐఏ వాళ్లకు 24 గంటల హోల్టర్‌తో 3 శాతం మందిలో ఈ జబ్బు దొరికితే, 30 రోజుల రికార్డింగ్‌తో 16 శాతం మందిలో దొరికింది. కాబట్టి నాన్నగారి డాప్లర్, ఎకో, ఎమ్మారై అన్నీ చూశాక కూడా కారణం తేలకపోతే, ఎక్కువ రోజుల రికార్డింగ్ గురించి అడగండి. అది దొరికితే మందే మారిపోతుంది. ఆస్పిరిన్ బదులు రక్తం గడ్డకట్టనివ్వని మందు ఇస్తారు.

ఇప్పుడు బావగారి ప్యాకేజీ. ఆయన ప్రేమను తప్పుపట్టను. కానీ ఏ లక్షణమూ లేనివాళ్లకు మెడ డాప్లర్ చేయొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2014లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. నిజమైన గట్టి అడ్డు ఉండేవాళ్లు చాలా తక్కువ. తప్పుడు అలారాలు ఎక్కువ. ఆ అలారాల వెంటబడి చేసే పరీక్షలు, ఆపరేషన్లలోనే కొందరికి స్ట్రోక్ వస్తుంది. ప్యాకేజీలో 'ఐఎంటీ' అని మెడ ధమని గోడ మందం కొలిచి ఎర్రగా అచ్చేస్తారు. 0.9, 1.0 లాంటి అంకెలు చూసి నలభై ఏళ్ల కుర్రాళ్లు నిద్ర మానేసిన సందర్భాలు చూశాను. ఒకతను ఆ టెన్షన్‌తో మూడు నెలల్లో మూడు చోట్ల కొలిపించుకున్నాడు. మూడు అంకెలూ వేరు, ఎందుకంటే ప్రోబ్ పట్టే కోణం మారితేనే అంత తేడా వస్తుంది. అతను పొగ తాగుతున్నాడు, బీపీ 150 పైన ఉంది. ఆ రెంటి గురించి ఏ ప్యాకేజీ రిపోర్టులోనూ ఒక్క వాక్యం లేదు. నాకు అదే బాధనిపించింది.

నేను ప్రతి స్కాన్‌కు ముందు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది ఇలా వస్తే మనం ఏం మారుస్తాం? నాన్నగారి విషయంలో ప్రతి పరీక్షకూ జవాబుంది. ఎడమ కెరోటిడ్ మూసుకుపోతే ఆపరేషన్, లయ తప్పితే వేరే మందు, పుర్రె లోపల అడ్డుంటే కొంతకాలం ప్లేట్‌లెట్లను గుమిగూడనివ్వని రెండు రకాల మందులు, బీపీ మీద గట్టి పట్టు. మీకూ, బావగారికీ ఏ ఫలితం వచ్చినా చెప్పేది బీపీ, షుగర్, కొలెస్టరాల్, పొగ గురించే. దానికి స్కాన్ అక్కర్లేదు. ఇంట్లో ఒక బీపీ మిషన్ కొనండి. అరవై దాటినవాళ్లకు నెలకోసారి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిండా ఒక నిమిషం నాడి చూడండి. తాళం తప్పినట్టు అడ్డదిడ్డంగా కొడుతుంటే ఈసీజీ తీయించండి.

లక్షణం లేనివాళ్లలో స్ట్రోక్‌ను స్కాన్‌తో ముందే పట్టి ఆపిన సందర్భం ఒకటుంది, మన ఏజెన్సీ ప్రాంతాలతో సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను. సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న పిల్లలకు 2 నుంచి 16 ఏళ్ల మధ్య కణత దగ్గర పెట్టి చేసే డాప్లర్‌లో వేగం 200 దాటితే స్ట్రోక్ ముప్పు చాలా ఎక్కువ. వాళ్లకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే ఆ ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుందని 1998లో తేలింది. పాడేరు, అరకు, ఆదిలాబాద్ వైపు ఈ జబ్బున్న కుటుంబాలున్నాయి. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023లో మొదలైంది. రక్తపరీక్షలతో పాటు ఈ పది నిమిషాల డాప్లర్ కూడా ప్రతి పిల్లకూ ఏడాదికోసారి అందాలని నా కోరిక. మీకు తెలిసినవాళ్లలో అలాంటి పిల్లలుంటే దయచేసి చెప్పండి.

రేపు వెళ్లేటప్పుడు పాత ఈసీజీలు, సీటీ సీడీ, వాడుతున్న మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఆ రోజు ఏం జరిగిందో కాగితం మీద రాసివ్వండి: ఎన్ని గంటలకు, ఏ వైపు, ఎంతసేపు. స్కాన్ చేసేవాళ్లకు "కుడి చెయ్యి, మాట" అన్న రెండు ముక్కలు తప్పకుండా తెలియాలి. డాక్టర్ చెప్పిన మందులు ఒక్క పూట కూడా మానకూడదు. ఈలోగా మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా 'తగ్గుతుందేమో' అని చూడొద్దు. 108కి ఫోన్ చేసి సీటీ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

రిపోర్టులు వచ్చాక ఎడమ ఐసీఏ (అంతర్గత కెరోటిడ్) పీఎస్‌వీ ఎంత, కుడి ఎంత, ఎకోలో ఎడమ పై గది కొలత, హోల్టర్ ముగింపు వాక్యం ఇక్కడే రాయండి. పేరు, ఫోన్ నంబర్ కనబడకుండా చూసుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.